చిప్పులో పరాయి నంబరు

మూడూ పదికి ల్యాబు గేటు ముందు బండి దిగాను. భుజాన నా ల్యాప్‌టాప్ సంచి, చేతిలో కంప్యూటర్లు బాగుచేసే చిప్పుల మాస్టారి గుండె మాత్రల పొట్లం. కేసు చూడమని నా చేతికి ఆ పొట్లం ఇస్తూ ఆయన కూతురు ఏడవలేదు, బతిమాలలేదు. "మా నాన్న బోర్డులు బాగుచేసే మనిషండీ, మనుషుల్ని మెట్ల మీంచి తోసే మనిషి కాదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. ఐదింటికి ఆయన్ని జడ్జి ముందు నిలబెడతారు. అరవై రెండేళ్ళ వయసు, రోజుకి నాలుగు మాత్రలు. ఒకసారి జైలు గడప తొక్కితే ఆ మనిషి ఇంటికి ఏ స్థితిలో తిరిగొస్తాడో ఊహించడం పెద్ద కష్టం కాదు. నాకున్నది గంటా యాభై నిమిషాలు.

జరిగింది క్లుప్తంగా ఇదీ. నిన్న, అంటే మంగళవారం మధ్యాహ్నం రెండుంపావు ప్రాంతంలో ల్యాబు పెద్దాయన మూడో అంతస్తు మెట్ల మీంచి పడి ప్రాణం వదిలాడు. మందుల నాణ్యత పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఒక దగ్గు సిరప్పు తాగి పదకొండు మంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. ఆ సిరప్పులో ఏం కలిసిందో తేల్చిన రిపోర్టు ఆయన ల్యాప్‌టాప్‌లో ఉంది. మూడింటికల్లా పంపిస్తానని పైవాళ్ళకి మాటిచ్చాడు కూడా. పన్నెండుంపావుకి భోజనానికి కిందికి దిగి, ఒంటిగంటకి పది నిమిషాల ముందు పైకొచ్చేసరికి ల్యాప్‌టాప్ తెర నల్లగా ఉంది. వెంటనే చిప్పుల మాస్టారికి ఫోన్ చేశాడు. మాస్టారు ఒంటిగంట పదికి వచ్చి, రెండూ ఐదుకి వెళ్ళాడు. రెండున్నరకి శవం కనబడింది. సామాన్ల పెట్టె పట్టుకుని మూడింటికి తిరిగొచ్చిన మాస్టారిని పోలీసులు ఆ మెట్ల దగ్గరే పట్టుకున్నారు.

పొద్దున నా తమ్ముడు ఫోన్ చేసి, ఈ కేసు నీకొద్దక్కా అన్నాడు. వాడు ఆ సిరప్పు కంపెనీలోనే కంప్యూటర్లు చూస్తాడు. కంపెనీ పేరు వీధిన పడుతుంటే వాడికి మాత్రం ఏం బాగుంటుందిలే అనుకుని, విని ఊరుకున్నాను. వద్దన్న పని చెయ్యడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు.

గేటు కాపలా ఆయన నన్ను చూడగానే రిజిస్టరు నా ముందుకి తోశాడు. పోలీసులు అడిగినవే నేనూ అడుగుతానని జవాబులు బట్టీ పట్టి కూర్చున్నాడు. రిజిస్టరు ప్రకారం నిన్న మధ్యాహ్నం బయటివాళ్ళలో వచ్చింది మాస్టారొక్కడే. నేను దాని మొహం కూడా చూడకుండా భోజనం ఏ టైముకి చేశారని అడిగాను. ఆయన తడబడ్డాడు. పన్నెండుంపావుకి వెనక గదిలో తిన్నాడట. గేటు వేసే వెళ్ళాడట.

"గడియ పెట్టారా?"

ఆయన రిజిస్టరు వైపు చూశాడు, అందులో జవాబు రాసి ఉన్నట్టు. తర్వాత నా వైపు చూశాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు.

అదే నాకు కావలసిన జవాబు. ముప్పావు గంటసేపు గేటు తోస్తే తెరుచుకునేలా ఉందన్నమాట. రెండున్నరకి పైనుంచి కేకలు వినబడితే మళ్ళీ గేటు వదిలేసి మూడో అంతస్తుకి పరిగెత్తానని కూడా చెప్పాడు. లోపలికి రావడానికి ఒక దారి, బయటికి పోవడానికి ఒక దారి. మధ్యలో రెండు గంటలపాటు ఒక మనిషి పైన ఎక్కడో ఉన్నాడు.

మూడో అంతస్తులో తొందర ఇన్‌స్పెక్టర్ నాకోసమే ఎదురుచూస్తున్నాడు. ఆ పేరు నేను పెట్టిందే. నేను పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు నా కింద పనిచేశాడు. ఏ కేసైనా మర్నాటి భోజనాల వేళకి ముగించెయ్యాలనే దురద అప్పటికే ఉండేది. జరిగింది జరిగినట్టు చూపించమని మాస్టారిని తీసుకొచ్చి, బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు. సంకెళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండింది. మాత్రలు ఇచ్చి, నీళ్ళు తాగించి, అప్పుడు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాను.

అతని వాదన అతనికి ముద్దుగానే ఉంది. ల్యాప్‌టాప్ మీద పెద్దాయనవి కాక మాస్టారి వేలిముద్రలే ఉన్నాయి. లోపలి చిప్పు కాళ్ళ మీద, దాన్ని చదివి రాయడానికి పెట్టే క్లిప్పు గీతలున్నాయి. అలాంటి క్లిప్పు పెట్టి చిప్పులోకి రాయగల మనిషి ఊరంతటికీ ఈయనొక్కడే. బాగుచేస్తానని పాడుచేశాడు, పెద్దాయన తిట్టాడు, ఈయన తోశాడు.

మాస్టారు చెప్పేది వేరు. తను వచ్చేసరికే ల్యాప్‌టాప్ చచ్చిపోయి ఉంది. ఫ్యాను తిరుగుతోంది, తెర వెలగట్లేదు, ఒక బటన్ మీది చిన్న దీపం రెండుసార్లు మెరిసి ఆగుతోంది. ఈ మోడల్లో ఆ రెండు మెరుపులకి అర్థం ఒకటే, బయాస్ పాడైందని. మదర్‌బోర్డుకి పొద్దున్నే లేచి ఏం చెయ్యాలో చెప్పే మొదటి పాఠం ఆ బయాస్. అది గోరంత చిప్పులో ఉంటుంది. మెమరీ మార్చి చూశాడు, బ్యాటరీ తీసి చూశాడు, లాభం లేకపోయింది. దాన్ని ఎవరో విప్పి చిప్పు మీద చెయ్యి వేశారని పెద్దాయనకి గట్టిగానే చెప్పి, తన క్లిప్పూ, చిప్పులోకి రాసే ప్రోగ్రామరు పరికరమూ తేవడానికి వెళ్ళాడు.

"గట్టిగా అంటే, పక్క గదిలోకి వినబడేంతా?" అని అడిగాను.

"పెద్దాయనకి కాస్త చెవుడమ్మా. వీధిలోకి వినబడేంత."

పక్క గది సామాన్ల కొట్టు. ఇన్‌స్పెక్టర్ దాన్ని నిన్న గుమ్మంలోంచి చూసి వదిలేశాడట. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. సీసాల అట్టపెట్టెల వెనక, నిలబడి చూస్తే కనబడని చోట, ఒక పెట్టె పైభాగం కూర్చున్నంత మేర నొక్కుకుపోయి ఉంది. దాని పక్కన నేల మీద బియ్యపు గింజంత స్క్రూ ఒకటి దొరికింది. జేబురుమాల్లో వేసి తెచ్చి మాస్టారికి చూపించాను. ఆయన దాన్ని కళ్ళజోడుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, తర్వాత పెద్దాయన ల్యాప్‌టాప్‌ని తిప్పాడు. వెనక అంచున ఒక రంధ్రం ఖాళీగా ఉంది.

"ఈ మోడల్‌కి ముందువైపు పొట్టి స్క్రూలు, వెనకవైపు పొడుగువి" అని చెప్పాడు. "తెలియనివాడు విప్పితే తారుమారు చేస్తాడు. పొట్టిది వెనక నిలవక రాలిపోతుంది. పొడుగుది ముందు బిగిస్తే పైకి తన్నుతుంది. నిన్న నేను విప్పినప్పుడే ఇలా ఉంది. ఎవరి పనో తెలిసేదాకా ఎలా ఉన్నది అలాగే ఉండాలని, అలాగే బిగించాను."

కీబోర్డు ముందు చెయ్యి ఆనించే చోట తడిమి చూశాను. ఎడమవైపు చిన్న మొటిమలా లేచి ఉంది. నా ల్యాప్‌టాప్ కూడా ఇదే మోడలు, నాకూ ఈ మధ్య అక్కడే మణికట్టుకి గుచ్చుకుంటోంది. చవక సరుకు, పైతొడుగు త్వరగా ఉబ్బుతుందేమో అనుకున్నాను. అంత తెలివైనదాన్ని నేను.

సామాన్ల కొట్టు శుభ్రం చేసేవాళ్ళ దగ్గర రాలిన స్క్రూ అయ్యుంటుందని ఇన్‌స్పెక్టర్ తీసిపారేశాడు. మూడూ నలభై అయింది. ఇక నాకు ఒకటే దారి. చిప్పులో ఏం రాసి ఉందో మన కళ్ళముందే చదివిద్దామన్నాను. పోలీసుల కంప్యూటర్ మనిషి అప్పటికే దాన్ని చూసి, పాడైపోయిందని రాసి చేతులు దులుపుకున్నాడట. హంతకుడి చేతికే సాక్ష్యం ఇవ్వమంటారా మేడమ్ అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. చదవడం వేరు, రాయడం వేరని చెప్పాను. కాగితం మీద చూపు పడితే అక్షరాలు చెరగవు గదా. అతను కాసేపు ఆలోచించి, మాస్టారి నేరం ఇంకా గట్టిపడుతుందనే ఆశతోనే ఒప్పుకున్నాడు. ఒక చేతి సంకెల తీయించాడు. రెండోది కానిస్టేబుల్ చేతికి తగిలించి ఉంది. పాపం ఆ కానిస్టేబుల్, మాస్టారు ఎటు వంగితే అటు వంగాల్సొచ్చింది.

మాస్టారి సామాన్ల పెట్టె నిన్న మూడింటి నుంచీ పోలీసుల సీలు కింద ఉంది. సీలు మా అందరి ముందూ తీశారు. మాస్టారు ముందు ఛార్జరు పీకాడు, మూత విప్పాడు, లోపలి బ్యాటరీ తీగ ఊడదీశాడు, పవర్ బటన్ అర నిమిషం నొక్కి ఉంచి మిగిలిన కరెంటు కూడా పోగొట్టాడు. భూతద్దంతో చిప్పు మీది అక్షరాలు చదివాడు. దాని మూలనున్న చుక్కకి ఎర్ర తీగ వచ్చేలా క్లిప్పు పట్టించాడు. రెండో చివర అగ్గిపెట్టెంత ప్రోగ్రామరు, దానికి ఆయన పాత కంప్యూటరు. చిప్పులో ఉన్నదంతా ఒకసారి చదివించి దాచాడు. క్లిప్పు తీసి, మళ్ళీ పెట్టి, ఇంకోసారి చదివించాడు. ఎందుకని ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. రెండూ అక్షరం పొల్లు పోకుండా ఒకటైతేనే నమ్ముతానని మాస్టారు చెప్పాడు. ఒక్క చేత్తో చేస్తున్నా ఆయన వేళ్ళు వణకలేదు.

రెండూ ఒకటే అయ్యాయి. మాస్టారు తెర మీది అంకెల్ని కిందికి జరుపుతూ పోయి, ఒకచోట ఆగిపోయాడు.

"ఇది పాడవలేదమ్మా" అన్నాడు. "వేరే ల్యాప్‌టాప్ బయాస్ తెచ్చి ఇందులో రాశారు."

మాస్టారు విడమరిచి చెప్పాడు. పెద్దాయన ల్యాప్‌టాప్‌కి పాస్‌వర్డు ఉంది, డిస్కు ఊడదీసి ఇంకో దాంట్లో పెడితే తెరుచుకోదు. అదే మోడలు ఇంకో ల్యాప్‌టాప్‌లోని బయాస్‌ని మక్కీకి మక్కీ కాపీ చేసి ఇందులో రాస్తే ఆ పాస్‌వర్డు పోతుంది. చేసినవాడికి అంతవరకూ తెలుసు. మోడలు ఒకటే అయినా బోర్డులు రెండు రకాలున్నాయని, పాత బోర్డు బయాస్ కొత్త బోర్డుకి పనికిరాదని తెలియదు. రిపోర్టులో అంకెలు మార్చి చల్లగా జారుకుందామని వచ్చినవాడు ల్యాప్‌టాప్‌నే చంపేశాడు. ఎవరికీ కనబడకుండా కొట్టులోనే దాన్ని విప్పి, తిరిగి బల్ల మీద పెట్టాక, పెద్దాయన మెట్లెక్కుతున్న చప్పుడు విని మళ్ళీ అక్కడే దాక్కుని ఉంటాడు. మిగతాది నాకు అర్థమైంది.

"ఇంకో సంగతుంది. ప్రతి బయాస్‌లో దాని ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు ఉంటుంది. పెద్దాయనది అడుగున స్టిక్కరు మీద 2036తో ముగుస్తుంది. చిప్పులో ఉన్నది 7491తో ముగుస్తోంది" అన్నాడు మాస్టారు.

నేను నంబరు మొత్తం పుస్తకంలో రాసుకున్నాను. ఇన్‌స్పెక్టర్ మొహం వెలిగిపోయింది. ఇలాంటి కాపీలు ఈయన దగ్గర వందలుంటాయి, వాటిలోది ఒకటి రాసేశాడు, మీరే నిరూపించారు మేడమ్ అన్నాడు. నిజంగానే మాస్టారి మెడకి ఉరి నేనే బిగించానా అనిపించింది.

మాస్టారు మాత్రం తొణకలేదు. సీలు పెట్టెలోంచి తీసిన చిన్న పెన్‌డ్రైవుని కంప్యూటరుకి పెట్టి, ఇన్నేళ్ళుగా దాచుకున్న బయాస్ కాపీలు తెరిచి చూపించాడు. ఏది తెరిచినా సీరియల్ నంబరు ఉండాల్సిన చోట వరసగా సున్నాలే. ఎవరి నంబరు వాళ్ళదే, ఒకరిది ఇంకొకరికి అంటగట్టడం మా పనిలో పాపం అని చెప్పాడు. కాపీ తీసిన రోజే నంబరు తుడిచేస్తాడు. రాసేముందు ఎవరి ల్యాప్‌టాప్‌కి రాస్తున్నాడో దాని స్టిక్కరు చూసి నింపుతాడు. ఇన్‌స్పెక్టర్ తనే ముప్పై దాకా తెరిపించాడు. అన్నీ సున్నాలే.

తర్వాత, అనుమతి తీసుకుని, సరైన బయాస్ రాయడానికి సిద్ధమయ్యాడు. కొత్త బోర్డుకి సరిపడేది తన దగ్గరున్నట్టు గుర్తుంది గానీ, నాదీ అదే మోడలని చెబితే, దొరికేదాకా నా ల్యాప్‌టాప్ ఏ రకమో చూస్తానన్నాడు. సంచిలోంచి తీసిచ్చాను. అడుగువైపు తిప్పి, భూతద్దం పెట్టి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. తర్వాత దాన్ని మెల్లగా మళ్ళీ వెల్లకిలా పెట్టి, నా వైపు జరిపాడు.

"పాతది. పనికిరాదమ్మా" అన్నాడు. వెంటనే డ్రైవు వైపు తిరిగాడు.

డ్రైవులో సరైన కాపీ దొరికింది. అందులో సున్నాల చోట పెద్దాయన ల్యాప్‌టాప్ నంబరు నింపాడు. చిప్పు చెరిపి, రాయించి, రాసింది మళ్ళీ చదివించి సరిచూశాడు. తీగలు తగిలించి బటన్ నొక్కాడు. దీపం మెరవలేదు. ఫ్యాను తిరిగింది. పావు నిమిషం గడిచింది. తర్వాత తెర తెల్లగా వెలిగింది. కానిస్టేబుల్ సంకెల సంగతి మర్చిపోయి చప్పట్లు కొట్టబోయి మాస్టారి చెయ్యి లాగేశాడు.

నాలుగూ నలభై. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. అతను మూర్ఖుడు కాదు, తొందరపాటు మనిషి, అంతే. కానీ ఖాళీ చేతులతో జడ్జి ముందుకి పోలేడు.

"ఆ 7491 ల్యాప్‌టాప్ ఎవరిదో చూపించండి మేడమ్" అన్నాడు. "ఈ క్షణమే ఈయన్ని వదిలేస్తా. లేదా దారివ్వండి."

నేను మాస్టారి వైపు చూశాను. ఇరవై నిమిషాల్లో జైలుకి పోబోయే మనిషి తలవంచుకుని, క్లిప్పు తీగ చుట్టుకుంటున్నాడు. ఒక్క మాట అనడు. గంటసేపు నంబర్ల గురించి పాఠం చెప్పిన మనిషికి, ఆ నంబరు ఎవరిదని అడిగితే నోట్లోంచి మాట రాదేం? పనికిరాదన్నప్పుడు ఆయన నా కళ్ళలోకి చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నా మణికట్టు ల్యాప్‌టాప్ మీద ఆనించి ఉంది. ఎడమవైపు గుచ్చుకుంది.

దాన్ని తిప్పాను. వెనక అంచున ఒక రంధ్రం ఖాళీ. స్టిక్కరు మీద నంబరు చదివి, పుస్తకంలో రాసుకున్న నంబరు చదివి, మళ్ళీ స్టిక్కరు చదివాను. మాస్టారు చెప్పినట్టే రెండుసార్లు. అక్షరం పొల్లు పోలేదు.

ఆ ల్యాప్‌టాప్ నాకు తెచ్చిచ్చింది తమ్ముడు. ఆదివారం పొద్దున ఫ్యానులో దుమ్ము దులుపుతానని మూత విప్పిందీ వాడే. నేను బట్టలు ఆరేసి వచ్చి, ఇంతసేపేంట్రా అంటే, దుమ్ము బాగా పేరుకుందక్కా అన్నాడు. ఆ పూట వాడికిష్టమని రెండోసారి టీ పెట్టిచ్చాను.

"చూసి కూడా ఎందుకు చెప్పలేదు మాస్టారూ?" అని అడిగాను.

"మీ చేతిలో ఉన్నదమ్మా అది. మీ ఇంట్లో ఎవరు విప్పారో నాకు తెలియదు. నాకోసం వచ్చిన మనిషి మీదికే ఎలా తోసెయ్యమంటారు?"

ఇన్‌స్పెక్టర్‌కి అర్థమవుతున్నట్టుంది. నా వైపు ఒక అడుగు వేసి ఆగాడు. అప్పుడే నా ఫోన్ మోగింది. తమ్ముడు. ఎత్తకపోవచ్చు. బయటికి వెళ్ళి మాట్లాడొచ్చు. బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా నొక్కాను.

"అక్కా, ఇంటికొచ్చాను. నీ ల్యాప్‌టాప్ కనబడట్లేదేంటి? ఒక్కరోజు ఇస్తే ఆ ఫ్యాన్ ఇంకోసారి చూసిస్తా."

"నా దగ్గరే ఉందిరా. ఆదివారం మూత బిగించేటప్పుడు పొడుగు స్క్రూ ముందు పెట్టావు. నాలుగు రోజులుగా చేతికి గుచ్చుకుంటోంది."

"అవునా. మార్చేస్తాలే."

"నిన్న ల్యాబులో కూడా అలాగే పెట్టావు."

మా ఇంటి గోడ గడియారం చప్పుడు ఫోన్‌లో వినబడుతోంది. వాడికి టైము చూడడం నేను నేర్పింది ఆ గడియారం మీదే.

"సీసా కోసం కొట్టులోకొచ్చి నన్ను చూశాడక్కా" అన్నాడు చివరికి. "పారిపోదామనే అనుకున్నా. మెట్ల దాకా వచ్చినా నా చెయ్యి వదల్లేదు. విదిలించుకున్నానంతే, వెనక మెట్లున్నాయని చూసుకోలేదు. నీకు పొద్దున్నే చెప్పాను గదా, ఈ కేసు వద్దని."

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి తాళంచెవి తీశాడు. ఈసారి తొందర పడకుండా, మాస్టారి రెండో చేతి సంకెల తనే విప్పాడు. ఆ ఇనుప చప్పుడు ఫోన్‌లోకి వెళ్ళినట్టుంది.

"అక్కా, నీ పక్కన ఎవరున్నారు?"

ఎవరూ లేరని ఒక్క అబద్ధం చెబితే వాడు వెనక సందులోంచి పారిపోగలడు. లేదా ఆ మాటతోనే వాడికి ధైర్యం చెప్పి, ఏ పిచ్చిపనీ చెయ్యకుండా ఆపగలను. ఏది మంచిదో నాకు తెలియలేదు.

"పోలీసులున్నారు" అన్నాను. "తలుపుకి గడియ పెట్టుకోకు. నేనే వస్తున్నా."

గడియ పడిన చప్పుడు వినబడింది.